చుట్టు తిరిగే దారి, కనిపెట్టే కన్ను

పల్నాడులో నరసరావుపేట మల్లమ్మ సెంటరైనా, మాచర్ల రింగ్ రోడ్డు సెంటరైనా, నాలుగు వైపుల బండ్లు కలిసేచోట తేలాల్సింది ఒక్కటే: ముందు ఎవరు పోవాలి? దీనికి సరైన జవాబు కుదరడానికి అరవై ఏళ్లు పట్టింది.

1905లో న్యూయార్క్‌ కొలంబస్ సర్కిల్‌ దగ్గర బండ్లన్నీ ఒకే వైపు తిరగాలన్నారు. 1907లో పారిస్‌లోనూ అదే పద్ధతి వచ్చింది. అయితే బయటినుంచి వచ్చే బండ్లు లోపలికి తోసుకొచ్చేవి. దాంతో సర్కిల్ మొత్తం బిగుసుకుపోయేది. 1966లో బ్రిటన్ చిక్కుముడి విప్పింది: లోపల తిరుగుతున్న బండికే మొదటి దారి, వచ్చేవాడు ఆగాలి. మన 2017 డ్రైవింగ్ నిబంధనలూ ఇదే చెబుతున్నాయి.

మామూలు నాలుగు రోడ్ల కూడలిలో బండ్లు ఒకదానికొకటి అడ్డుపడే చోట్లు 32. ఒకే వరస సర్కిల్‌లో (రౌండ్ అబౌట్) అవి ఎనిమిదే. పైగా మలుపు వల్ల వేగం దానంతటదే తగ్గుతుంది. ఎదురెదురుగా గుద్దుకోవడం, పక్కనుంచి వచ్చి కొట్టడం దాదాపు ఉండవు. అమెరికాలో 24 కూడళ్లను ఇలా మార్చి చూస్తే, గాయాలయ్యే ప్రమాదాలు 76 శాతం తగ్గాయి.

వేగాన్ని పట్టే కెమెరా కథ వేరు. 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన డచ్ డ్రైవర్ మారిస్ గాట్సొనిడెస్, మలుపుల్లో తన వేగం కొలుచుకుని ఇంకా వేగంగా నడపాలని ఓ పరికరం తయారుచేశాడు. అదే తర్వాత పోలీసుల చేతికొచ్చి వేగానికి కళ్లెం వేసింది. మన దేశంలో 2019 మోటారు వాహన చట్ట సవరణ కెమెరా నిఘాకు బలమిచ్చింది. 2021 నిబంధనల ప్రకారం, కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి.

కెమెరా తప్పును పట్టిస్తుంది. సర్కిల్ తప్పు జరగకుండా ఆపుతుంది. చలానా ఇంటికొచ్చేసరికి, పక్కనుంచి దెబ్బ తిన్న బైకు మనిషికి ఒరిగేదేమీ లేదు. అందుకే పల్నాటి కూడళ్లలో మొదటి పెట్టుబడి సర్కిళ్లకే కావాలి. పిడుగురాళ్ల సున్నం, దాచేపల్లి సిమెంటు మోసే లారీల వెనక చక్రాలు ఎక్కేలా లోపలి అంచు తక్కువ ఎత్తులో ఉండాలి. అంచుల్లో ఆటోలు నిలవకూడదు. సర్కిల్ కట్టలేని అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు లాంటి తిన్నని దారుల్లో కెమెరాలు పెట్టాలి.

విగ్రహం చుట్టూ గట్టు కట్టినంత మాత్రాన ప్రాణాలు నిలవవు. లోపలున్నవాడికి దారివ్వడం లైసెన్సు పరీక్షలోనే నేర్పాలి, రోడ్డు మీద పోలీసులు పాటింపజేయాలి.