దుమ్ముగూడెం: ఆనకట్ట వెంట వచ్చిన చర్చి

భద్రాచలంలో రాములవారి దర్శనం చేసుకొని సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాలకు సాగే యాత్రికులు దుమ్ముగూడెం ప్రాంతం మీదుగానే వెళ్తారు గాని, పంతొమ్మిదో శతాబ్దపు ఇంజనీర్లూ మిషనరీలూ ఈ ఊరికి తెచ్చిపెట్టిన చరిత్రను వెతుక్కుంటూ వచ్చేవారు అరుదు. ఇంగ్లండు పల్లెల్లో పాత చర్చిలు చూడటం ఒక స్థిరపడిన ఆచారం. ప్రార్థనలు నిలిచిపోయిన చర్చిలను కాపాడేందుకు 1969లో అక్కడ ఏర్పడిన నిధి, నేటి చర్చెస్ కన్జర్వేషన్ ట్రస్టు, 350కి పైగా కట్టడాలను సంరక్షిస్తున్నది. అక్కడి చర్చి చాలావరకు ఊరితో పాటు పెరిగినది కాగా, దుమ్ముగూడెం క్రైస్తవ సంఘానికి మూలం ఒక జలమార్గ పథకం.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, వార్ధా లోయ పత్తిని నది మీదుగానే సముద్రతీరానికి చేర్చాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచనకు బలం చేకూరింది. అమెరికా అంతర్యుద్ధం (1861–65) వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువవడంతో ఆ ఆలోచన అత్యవసరమయింది. ఎగువ గోదావరిలో పడవలకు అడ్డుపడే రాతి వరుసలలో మొదటిదైన దుమ్ముగూడెం వద్ద ఆనకట్టనూ, దానిని తప్పించి పడవలను దాటించే కాలువనూ, నీటిమట్టాల తేడాను సరిచేసే తలుపుల గదులైన లాకులనూ నిర్మించారు. అయితే 1867లో నాగపూరుకు రైలు చేరడంతో పత్తికి వేరే దారి దొరికింది. 1871లో ప్రభుత్వం పథకాన్నే విరమించుకొన్నది.

ఈ పనులను నడిపిన ఇంజనీరు ఎఫ్. టి. హేగ్ చొరవతో, 1799లో లండన్‌లో స్థాపితమైన చర్చ్ మిషనరీ సొసైటీ ఇక్కడ కోయల మధ్య పని ప్రారంభించింది. పడవల దారి మూతబడినా మిషన్ మూతబడలేదు. ఆ తర్వాత ఇక్కడ పనిచేసిన జాన్ కెయిన్, భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ‘ఇండియన్ ఆంటిక్వరీ’ పత్రికలో రాసిన వ్యాసాలు కోయల జీవనానికి సంబంధించిన తొలి వివరమైన రచనలలో చేరతాయి. మతమార్పిడి దృష్టితో వచ్చిన పరాయివాని చూపు వాటిలో ఉన్నదని మరువరాదు, అయినా 1909లో థర్‌స్టన్ తన కులాల, తెగల గ్రంథానికి వాటినే విస్తారంగా వాడుకొన్నాడు.

తర్వాతి కాలంలో ఈ సంఘం, తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య 1912 నుండి నడిపిన దోర్నకల్ అధ్యక్ష మండలంలో, అంటే బిషప్ అధికార పరిధిలో, చేరింది. 1939లో ప్రతిష్ఠితమైన దోర్నకల్ కెథడ్రల్‌లో ఆలయ, మసీదు శిల్పరీతులు కలిసిపోగా, 1924 నాటి మెదక్ చర్చి గోథిక్ రీతినే అనుసరించింది. చూడవచ్చేవారిలో ఎక్కువమంది మెదక్‌కే పోవడం సహజమే గాని, స్థానిక రూపం కోసం వెతికేవారికి దోర్నకలే ఎక్కువ చెప్పగలదు.

దుమ్ముగూడెం కథను రాయబూనేవారికి ఆధారాలు ఒకచోట లేవు: 1874 వరకు ఈ ప్రాంతం మధ్య పరగణాలలోనిది, ఆ తర్వాత మద్రాసు గోదావరి జిల్లాలోనిది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది, మిషన్ పత్రాలు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి, కెయిన్ ఒకే శీర్షిక కింద కలిపి రాసిన రెండు తాలూకాలు 2014 తర్వాత రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి.