రక్తపిశాచులు: సంతకాలు, సాక్ష్యాలు

1964లో వచ్చిన ‘ద లాస్ట్ మాన్ ఆన్ ఎర్త్’ను చాలామంది దెయ్యాల సినిమాగా లెక్కగట్టి పక్కన పెట్టేస్తారు. హేతువాదులు మాత్రం శ్రద్ధగా చూడవలసిన సినిమా ఇది. రిచర్డ్ మాథిసన్ 1954లో రాసిన ‘ఐ యామ్ లెజెండ్’ నవల దీనికి ఆధారం. చిత్రీకరణ రోమ్ నగరంలో జరిగింది.

ఇందులో రక్తపిశాచులు శాపం వల్ల పుట్టినవి కావు. ఒక సూక్ష్మక్రిమి వల్ల జనం చచ్చి, మళ్ళీ లేస్తుంటారు. డాక్టర్ మోర్గాన్ (విన్సెంట్ ప్రైస్) ఒక్కడికే ఆ రోగం అంటదు. ఒకప్పుడు పనామాలో గబ్బిలం కరవడం వల్ల తనకు రోగనిరోధక శక్తి వచ్చిందని అతని ఊహ. రాత్రి తలుపు వేసుకుని కూర్చుంటాడు. పగలు వీధి వీధీ తిరిగి, నిద్రపోతున్నవాళ్ళ గుండెల్లో కర్రమేకులు దిగగొట్టి, శవాలను గోతిలో తగలబెడతాడు.

రక్తపిశాచికి క్రిమి కారణమని చెప్పడం శాస్త్రీయంగానే కనిపిస్తుంది. కాని చరిత్రలో ఈ నమ్మకం ఎలా నడిచిందో చూస్తే అసలు ప్రశ్న మరొకటని తెలుస్తుంది.

1732 జనవరిలో, అప్పుడు ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న సెర్బియాలోని మెద్వెజా గ్రామానికి యోహాన్ ఫ్లూకింగర్ అనే సైనిక వైద్యుడు విచారణకు వెళ్ళాడు. ఊళ్ళో వరుసగా చావులు. సమాధులు తవ్వించారు. కుళ్ళిన శవాలను తిరిగి పూడ్చారు. ఉబ్బి, నోట నెత్తురుతో ‘తాజాగా’ ఉన్నవాటి తలలు నరికించి, కాల్చి, బూడిదను మొరావా నదిలో కలిపారు. నివేదిక మీద వైద్యుల సంతకాలున్నాయి. యూరప్ అంతా దాన్ని చదివింది.

రక్షణ శాఖ పద్దుల్లో ఉద్యోగమంతా గడిపినవాడిగా ఒక మాట చెబుతాను. కాగితం మీద సంతకం ఉన్నంత మాత్రాన సరుకు గోదాములో ఉన్నట్టు కాదు. ఆ వైద్యులు అబద్ధమాడలేదు. చూసింది నిజం, తేల్చింది తప్పు. శవంలో వాయువులు చేరి పొట్ట ఉబ్బుతుంది, నల్లటి ద్రవం నోటికి వస్తుంది, పై చర్మం ఊడితే కింద కొత్త చర్మంలా కనిపిస్తుంది. మామూలు శవాలు ఎన్నాళ్ళకు ఎలా మారతాయో ముందు తెలుసుకుని ఉంటే, ఆ తేడాకు పిశాచం అవసరమే ఉండేది కాదు.

1755లో మరియా థెరిసా మహారాణి చేసింది ఆ తనిఖీయే. సైలీషియా ప్రాంతంలో ఇలాగే ఒక స్త్రీ శవాన్ని తవ్వి తీసి కాల్చారని తెలిసి, ఇద్దరు వైద్యులను పంపింది. వారు తెచ్చిన వివరాలను పట్టి ఆమె ఆస్థాన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ నివేదిక రాశాడు. చలి, గాలి ఆడని పెట్టె ఉంటే శవం ఆలస్యంగా కుళ్ళుతుందన్నాడు. ఇలాంటి సమాధుల తవ్వకాలను ఆమె నిషేధించింది.

క్రిమి పేరు తెలిస్తే మూఢనమ్మకం పోతుందనుకోవడం పొరపాటు. క్షయ క్రిమిని కోచ్ 1882లోనే ప్రకటించాడు. పదేళ్ళ తరవాత, 1892లో, అమెరికాలోని ఎక్సెటర్ అనే ఊళ్ళో క్షయతో పోయిన మెర్సీ బ్రౌన్ శవాన్ని బయటికి తీసి, గుండె కాల్చి, ఆ బూడిదను రోగి అయిన ఆమె అన్న చేత తాగించారు. అక్కడున్న డాక్టరు ఇది క్షయేనని చెప్పాడు. వినలేదు. అన్న రెండు నెలలు తిరక్కుండానే పోయాడు.

మోర్గాన్‌కు క్రిమి తెలుసు. అతనికి తెలియనిది ఇంకొకటి. రోగం సోకినా మందుతో అదుపులో పెట్టుకుని బతుకుతున్నవాళ్ళు ఉన్నారు. నువ్వు చంపినవాళ్ళలో చాలామంది బతికి ఉన్నవాళ్ళేనని రూత్ అనే స్త్రీ చెప్పేదాకా అతనికి ఆ అనుమానమే రాలేదు. తన రక్తంతో ఆమెకు రోగం నయం చేస్తాడు. అంటే, తాను మేకు దించినవాళ్ళలో కొందరికైనా నయం చేయగలిగి ఉండేవాడు. ఆ కొత్త సమాజం దృష్టిలో, పగటిపూట వచ్చి చంపిపోయే పిశాచి అతనే. చివరికి వాళ్ళు అతన్ని చర్చిలో చంపేస్తారు.

మెద్వెజా వైద్యులకు శాస్త్రం తక్కువ, మోర్గాన్‌కు ఎక్కువ. ఇద్దరూ దాటేసిన మెట్టు ఒకటే: చేయి ఎత్తేముందు ‘నేను అనుకున్నది తప్పయితే దేన్ని బట్టి తెలుస్తుంది?’ అని అడగడం. హేతువాదం అంటే సరైన జవాబు జేబులో ఉండడం కాదు, ఈ ప్రశ్న అడిగే అలవాటు.