చేతి పునరావాసంలో వృత్తి చికిత్స

ప్రమాదం, పక్షవాతం, నరాల దెబ్బ, కాలిన గాయం, కుష్ఠు మొదలైన కారణాల వలన పట్టు తప్పిన చేతిని తిరిగి రోజువారీ పనులకు అలవాటు చేసే చికిత్సను వృత్తి చికిత్స అంటారు. ఆసుపత్రులలో దీనికి ఆక్యుపేషనల్ థెరపీ అనే పేరే వాడుకలో ఉంది. ఇక్కడ వృత్తి అంటే ఉద్యోగం మాత్రమే కాదు. అన్నం కలుపుకొని తినడం, తల దువ్వుకోవడం, గుండీలు పెట్టుకోవడం, పత్తి ఏరడం కూడా దీని పరిధిలోనివే. ఫిజియోథెరపీ ముఖ్యంగా కీళ్ళ కదలికను, కండరాల బలాన్ని పెంచుతుంది. ఆ కదలికతో మనిషి ఏ పని చేసుకోగలడన్నది వృత్తి చికిత్స చూస్తుంది. ఈ రెండూ పరస్పర పూరకాలు.

చరిత్ర

అమెరికాలో 1917లో ఏర్పడిన సంఘంతో వృత్తి చికిత్స ప్రత్యేక శాస్త్రంగా రూపుదిద్దుకుంది. భారతదేశంలో కమలా నింబ్కర్ 1950లో ముంబైలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో దీనికి మొదటి పాఠశాలను ప్రారంభించారు. 1952లో అఖిల భారత వృత్తి చికిత్సకుల సంఘం ఏర్పడింది. అదే సంవత్సరం ఏర్పడిన ప్రపంచ సమాఖ్యలో భారతదేశం వ్యవస్థాపక సభ్యదేశం. వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ 1940వ దశకం చివర కుష్ఠు వలన వంకరపోయిన చేతులకు శస్త్రచికిత్సలు ప్రారంభించారు. ఇలా సరిచేసిన చేతికి పని నేర్పడం కూడా చికిత్సలో భాగమే. 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వృత్తి చికిత్సకులను కూడా గుర్తించింది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతంలో ప్రాముఖ్యత

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న ప్రధానంగా పూర్వపు వరంగల్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. ఇక్కడి జీవనోపాధులలో చాలావరకు చేతి పట్టు మీదే ఆధారపడినవి. జనగామ సమీపంలోని పెంబర్తి ఇత్తడి శిల్పకళకు ప్రసిద్ధి. తాటిచెట్లెక్కే గీత కార్మికులు, మహబూబాబాద్ ప్రాంతపు మిర్చి, పత్తి రైతులు, భూపాలపల్లి సింగరేణి గని కార్మికులు, అందరికీ చేతులే పెట్టుబడి.

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ప్రకారం బొటనవేలు పూర్తిగా పోతే 30 శాతం, ఒక చేతి నాలుగు వేళ్ళూ పోతే 50 శాతం సంపాదనా శక్తి నష్టపోయినట్లు లెక్కించేవారు. అయితే ఈ చట్టం యజమాని వద్ద పనిచేసేవారికే వర్తించేది. సొంత పొలంలో రైతుకు, సొంత కొలిమి వద్ద శిల్పికి వర్తించేది కాదు. అటువంటివారికి చెయ్యి తిరిగి పనిలోకి రావడమే అసలైన పరిహారం.

చికిత్సా విధానం

మొదట కీళ్ళు వంగే కోణాన్ని, పిడికిలి బలాన్ని, స్పర్శను పరీక్షిస్తారు. వాపు తగ్గడానికి చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచుతారు. కీళ్ళు బిగుసుకుపోకుండా స్ప్లింట్లు అనే దన్ను పట్టీలు అమర్చుతారు.

కండరాన్ని ఎముకకు కలిపే స్నాయుబంధనం తెగి కుట్టు వేసినప్పుడు, వైద్యుని సూచన మేరకు కొద్ది రోజులలోనే నియమిత కదలికలు మొదలుపెడతారు. లేనిచో అది చుట్టుపక్కల కణజాలానికి అతుక్కుపోతుంది. బరువు పనులకు మాత్రం సాధారణంగా 12 వారాల వరకు ఆగాలి. తెగిన నరం కుట్టిన తరువాత రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. కనుక మణికట్టు వద్ద నరం తెగితే వేలికొనకు స్పర్శ రావడానికి నెలలు పడుతుంది. అంతవరకు పొయ్యి, వేడి గిన్నెలు, బీడీ నిప్పు తగలకుండా జాగ్రత్తపడాలి.

పక్షవాతంలో బలహీనపడిన చేతిని పట్టుకొని రోగిని లాగి లేపరాదు. అలా చేస్తే భుజం కీలు దెబ్బతింటుంది. అవసరమైన పనినే అనేకసార్లు చేయించడం, మంచి చేతి ప్రతిబింబాన్ని అద్దంలో చూస్తూ చేసే సాధన మొదలైన పద్ధతులు వాడతారు.

ఇంటి వద్ద సాధన

చికిత్సకుడు అనుమతించిన తరువాత జొన్నపిండి పిసకడం, బియ్యంలో రాళ్ళు ఏరడం, తడిబట్ట పిండడం, తాడు పేనడం వంటి పనులే వ్యాయామాలవుతాయి. పట్టు చాలనివారికి చెంచా, కొడవలి పిడులకు గుడ్డ చుట్టి లావుచేస్తే పట్టుకోవడం సులభమవుతుంది.

జాగ్రత్తలు

విరిగిన చేతికి బిగుతుగా వేసిన కట్టు వలన రక్తప్రసరణ ఆగి, ముంజేతి కండరాలు శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు. దీనిని వోక్‌మన్ సంకోచం అంటారు. కట్టు తరువాత తీవ్రమైన నొప్పి, తిమ్మిరి, వేళ్ళు పాలిపోవడం లేక నీలంగా మారడం కనిపిస్తే వెంటనే కట్టు వదులు చేయించి ఆసుపత్రికి వెళ్ళాలి. గంటల ఆలస్యం కూడా చెయ్యిని పనికిరాకుండా చేయగలదు.

వైద్య సదుపాయాలు

వరంగల్‌లోని ఎం.జి.ఎం. ఆసుపత్రి ఈ ప్రాంతానికి చిరకాలంగా పెద్దాసుపత్రి. మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. శస్త్రచికిత్స ఎక్కడ జరిగినా, ఇంటికి వెళ్ళే ముందే రోగి తన సాధన క్రమాన్ని, తిరిగి చూపించుకోవలసిన తేదీలను అడిగి తెలుసుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

ఫిజియోథెరపీ
పక్షవాతం
పెంబర్తి