తాత ఉస్తరా, కీలు సందులో తుప్పు

బాచుపల్లి నుంచి మాట్లాడుతున్నా. వెనకాల కుక్కర్ విజిల్ వినిపిస్తే ఏమనుకోకండి, ఆదివారం పొద్దున కదా.

ఇదిగో, నా చేతిలో ఉన్నది మా తాత ఉస్తరా. మంగలి కత్తి అంటే మీకు ఇంకా తొందరగా తెలుస్తుంది. మేం నాయీ బ్రాహ్మణులం. తాత పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి క్షవరం చేసేవాడు. చేతికి డబ్బులు వచ్చేది తక్కువ, పంటలు వచ్చినప్పుడు గింజలు కొలిచేవాళ్లు. పెళ్లికి డోలు, సన్నాయి మావాళ్లవే. గడ్డ లేస్తే కోసి కట్టు కట్టింది, చాలా ఊళ్లల్లో పురుడు పోసింది కూడా మావాళ్లే. నాన్నది ఇక్కడే చిన్న సెలూన్. నేను మాదాపూర్‌లో కోడింగ్ చేస్తా. ఆఫీసులో "మీ నాన్నగారు ఏం చేస్తారు?" అంటే చాలా ఏళ్లు "బిజినెస్" అని చెప్పి తప్పించుకున్నా. ఆ సంగతికి మళ్లీ వస్తా.

పోయిన వానాకాలం, వీడియో కోసం ఈ కత్తిని మెరిపిద్దామని కుళాయి కింద కడిగా. పైపైన తుడిచా, మూసేసి డబ్బాలో పెట్టేశా. రెండు వారాల తర్వాత తీస్తే తెరుచుకోదు! నాన్న చేతిలోకి తీసుకుని ఒక్కటే మాట అన్నాడు: "పైన తుడిచినవ్ సరే, సందుల ఎవరు తుడుస్తరు రా?"

ఆ సందు ఏంటో చూద్దాం. పిడికి రెండు పలకలుంటాయి. వాటి మధ్యలోంచి కత్తి తోక దగ్గర ఒక సన్నని ఇత్తడి మేకు దూరి ఉంటుంది. రెండు వైపులా దాని తలను సుత్తితో కొట్టి చదును చేస్తారు. అదే కీలు. కత్తి మొత్తం తిరిగేది దానిమీదే. నీళ్లు అక్కడ దూరితే గాలి తగలదు, తొందరగా ఆరవు. మా బోరు నీళ్లల్లో ఉప్పు ఎక్కువ, నీళ్లు ఆరినా తెల్లటి పొర మిగులుతుంది. అది తేమను పట్టి ఉంచుతుంది.

స్టీలు కదా, తుప్పు ఎందుకు పట్టింది అంటారా? ఇది స్టెయిన్‌లెస్ కాదు. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కు చేసింది 1913లో. అంతకుముందు గడ్డం కత్తులన్నీ కార్బన్ ఉక్కే. పదును అద్భుతం, తడి అంటే మాత్రం పడదు.

ఇక్కడే మన తెలంగాణ కథ ఉంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుమును కాచి ఉక్కు ముద్దలు తీసేవాళ్లు. పర్షియా వ్యాపారులు దాన్ని కొనడానికి అంత దూరం నుంచి వచ్చేవాళ్లు. సర్వే శాఖలో పనిచేసిన హెన్రీ వాయిసీ ఆ పద్ధతి గురించి రాసింది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్‌లో అచ్చయింది. ఇలాంటి దక్షిణాది ఉక్కునే ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారు సన్నని పదునుకు ఈ ఉక్కే మేలని నమ్మాడు. ఆయనతో కలిసి మైఖేల్ ఫారడే వూట్జ్ రహస్యం వెతుకుతూ ఉక్కులో రకరకాల లోహాలు కలిపి చూశాడు. 1820లో ఆ ప్రయోగాలు అచ్చయ్యాయి. అలా చేసిన ఉక్కుతో గడ్డం కత్తులు చేయించి స్నేహితులకు పంచాడు కూడా. ఫిజిక్స్ పుస్తకంలో మనం చదువుకున్న ఫారడేనే. ఆయన ఒక కమ్మరి కొడుకు. ఆ మాట చదివిన రోజు నేను కాసేపు అలా కూర్చుండిపోయా.

సరే, కీలు ఎలా బాగుచేశాం? ముందు అంచుకు టేపు చుట్టండి, వేళ్లు తెగుతాయి. బలవంతంగా తెరవొద్దు. మేకు పక్కన ఒక్క చుక్క కుట్టుమిషను నూనె వేసి రాత్రంతా వదిలేయండి. కొబ్బరి నూనె వద్దు, చలికి గడ్డకడుతుంది, పాతబడితే జిగురవుతుంది. పొద్దున మెల్లగా కొంచెం కొంచెం కదిపితే ఎర్రటి బురదలాంటి నూనె బయటికొస్తుంది. సన్నని గుడ్డ పేలికను పలకల మధ్య దూర్చి అటూ ఇటూ లాగండి. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా ఇదే పని. చివర్లో ఇంకో చుక్క నూనె వేసి, నాలుగుసార్లు తెరిచి మూసి, పైకి వచ్చింది తుడిచేయండి. కొమ్ము పిడి అయితే నీళ్లల్లో నానబెట్టొద్దు, పగులుతుంది. కీలు వదులైతే మేకు తల మీద చిన్న సుత్తితో రెండు వైపులా మెత్తగా తట్టాలి. ఎక్కువ బిగిస్తే పలక చీలుతుంది. ఆ పని నాన్నే చేశాడు, నన్ను ముట్టనివ్వలేదు.

ఇప్పుడు ఈ కత్తితో నాన్న ఎవరికీ గడ్డం గీయడు. 90ల్లో ఎయిడ్స్ గురించి ప్రచారం వచ్చాక, ఒకే కత్తిని అందరికీ వాడితే రక్తంతో జబ్బులు అంటొచ్చని జనానికి తెలిసింది. సెలూన్లలోకి మనిషికో కొత్త సగం బ్లేడు వేసే హోల్డరు వచ్చింది. మంచి మార్పే. అయితే ఆ హోల్డరుకీ కీలు ఉంటుంది, రోజూ రాత్రి నాన్న దాన్నీ విప్పి తుడుస్తాడు. సందు తుడవడం తాత నేర్పిన పనే.

కత్తి మళ్లీ తెరుచుకున్న రోజు నాన్న దాన్ని నాకే ఇచ్చాడు. తర్వాతి సోమవారం ఆఫీసులో ఒకతను అదే పాత ప్రశ్న అడిగాడు. "సెలూన్ ఉంది, బాచుపల్లిలో" అన్నా. "అవునా, ఆదివారం రష్ ఉంటుందా?" అన్నాడు, అంతే. ఇన్నేళ్లు భయపడింది దీనికా అనిపించింది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత పనిముట్టు ఏదైనా ఉంటే, ఈ వారం ఒకసారి బయటికి తీసి కీలు చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటా.