పేనుబంక ఒక్కటే దోషా?
1937 ప్రాంతంలో బ్రెజిల్‌లోని సావో పాలో నారింజ తోటలు ఎండిపోవడం మొదలైంది. పన్నెండేళ్లు తిరిగేసరికి లక్షలాది చెట్లు పోయాయి. కారణం ట్రిస్టెజా అనే వైరస్. ఈ కథ చెప్పేవారు నేరాన్ని నల్ల పేనుబంక మీదే మోపుతారు. దాని పాత్ర కాదనలేం; అది వైరస్‌ను మోస్తుందని 1946లో శాస్త్రవేత్త మెనెఘిని అక్కడే రుజువు చేశాడు. కానీ ఆ పురుగూ ఆ వైరసూ ఆసియాలో ఎంతోకాలంగా ఉన్నవే. అసలు చిక్కు అంటు కింద ఉంది. 19వ శతాబ్దంలో అజోర్స్ దీవుల తోటలను మొదలుకుళ్లు దెబ్బతీశాక, దాన్ని తట్టుకునే పుల్లనారింజ వేరుమూలం (అంటు కట్టడానికి వేళ్లనిచ్చే మొక్క) దేశదేశాలకూ పాకింది. దాని మీద కట్టిన తీపినారింజకు ట్రిస్టెజా సోకితే అతుకు దగ్గర ఆహారం దించే నాళాలు చచ్చిపోతాయి. వేళ్లు పస్తుంటాయి, చెట్టు ఎండుతుంది.

కుళ్లు నుంచి కాపాడిన మొక్కను ఎంచుకోవడం తప్పెలా అవుతుందని అడగవచ్చు. ఎంపిక తెలివైనదే, దాన్నొక్కదాన్నే నమ్ముకోవడం ముంచింది. పురుగు లేకుంటే ఇంత వేగంగా వ్యాపించేది కాదన్న మాటా నిజమే. అయినా తోటలు కోలుకున్నది పురుగును చంపి కాదు. నిమిషాల్లో వైరస్‌ను అంటించేసే పేనుబంక మీద మందు కొట్టి ఏం లాభం? సావో పాలో రైతులు వేరుమూలం మార్చి, రంగపూర్ నిమ్మ మీద అంట్లు కట్టారు. మన బత్తాయికీ సిఫారసు చేసే వేరుమూలం అదే. మరోవైపు, తీవ్రమైన వైరస్‌ను అడ్డుకోవడానికి బలహీనమైన రకాన్ని చెట్టుకు ముందే ఎక్కించే పద్ధతికి శాస్త్రవేత్తలు గ్రాంట్, కోస్టా 1951లో దారి చూపారు. విచిత్రమేమంటే, రంగపూర్ నిమ్మనూ బ్రెజిల్ అంతే గుడ్డిగా నమ్ముకుంది. 2001 నాటికి ఆ వేరుమూలం మీది చెట్లే హఠాత్తుగా చచ్చిపోసాగాయి.