పది, తొమ్మిది, ఎనిమిది

బొంబాయి రైల్వే స్టేషన్లలో పడుకునే పిల్లలకు రాత్రిపూట ఒళ్లు కాలిపోతుంటే ఎవరికి చెప్పుకోవాలి? 1990ల తొలినాళ్లలో వాళ్లలో కొందరికి తెలిసిన దారి ఒక్కటే, జెరూ బిలిమోరియా ఇంటికి ఫోన్ చెయ్యడం. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో పాఠాలు చెప్పే ఆమె వీధిపిల్లల మధ్య తిరుగుతూ, అవసరం పడితే చెయ్యమని తన నంబరు ఇచ్చారు. వేళాపాళా లేకుండా ఫోన్లు వచ్చాయి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదని తేలిపోయింది. 1996 జూన్‌లో ఆ ఇన్‌స్టిట్యూట్ ప్రాజెక్టుగానే పిల్లల కోసం ఫోన్ సహాయ సేవ చైల్డ్‌లైన్ మొదలైంది.

టెలికాం శాఖ 1098 నంబరును ఉచితంగా ఇచ్చింది. పిల్లలు దాన్ని హిందీలో ‘దస్ నౌ ఆఠ్’ అని పలికారు. పది, తొమ్మిది, ఎనిమిది. బడి గడప తొక్కనివాడికి కూడా నోటికొచ్చేస్తుంది. తొలిరోజుల్లో ఫోన్ ఎత్తినవాళ్లలో వీధుల్లో పెరిగిన కుర్రాళ్లూ ఉన్నారు. ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. దెబ్బలు తిన్న పిల్లవాడి మౌనం ఆ దెబ్బలు తిన్నవాడికి అర్థమైనట్టు ఇంకెవరికి అర్థమవుతుంది?

అయితే నంబరు ఒక్కటే ఎవరినీ కాపాడదు. అది సెల్‌ఫోన్లు అందరి చేతికీ రాని కాలం. కాల్ ఉచితమే కావచ్చు, మాసిన బట్టల పిల్లవాణ్ని పీసీఓ బూత్ దరిదాపులకు రానివ్వాల్సింది మాత్రం దాని యజమాని. ఆస్పత్రిలో చేర్చుకోవాల్సింది డాక్టరు. దొంగ అనుకోకుండా వినాల్సింది పోలీసు. వీళ్లందరినీ ఒక్కొక్కరిగా కలుపుకోవాల్సి వచ్చింది. 1999లో చైల్డ్‌లైన్ ఇండియా ఫౌండేషన్ ఏర్పడ్డాక ఊరూరా అక్కడి స్వచ్ఛంద సంస్థలే ఈ పనిని నెత్తికెత్తుకున్నాయి. కబురు అందిన గంటలోపు పిల్లల దగ్గరికి చేరాలన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. కొన్నేళ్లకే ఈ అనుభవం దేశం దాటింది. 2003లో బిలిమోరియా చొరవతోనే చైల్డ్ హెల్ప్‌లైన్ ఇంటర్నేషనల్ పుట్టింది.

మన దగ్గర ఈ పని ఎలా సాగుతుందో తెలియాలంటే విజయవాడ స్టేషన్‌ను చూడాలి. ఢిల్లీ, హౌరా, చెన్నై దారులు కలిసే జంక్షన్ కాబట్టి ఇల్లు విడిచిన పిల్లలు ఎందరో ఇక్కడ దిగుతారు. నవజీవన్ బాలభవన్ 1989 నుంచీ ఈ ఊళ్లో వీధిపిల్లల కోసం పనిచేస్తోంది. ప్లాట్‌ఫారం మీద ఖాళీ నీళ్ల సీసాలు ఏరుకుంటున్న కొత్త మొహాన్ని ముందుగా పసిగట్టేది టీ అమ్మే మనిషో, కూలీయో. కబురందుకుని వచ్చిన కార్యకర్త పేరు, ఊరు అడగడు. పక్కన కూర్చుని, ‘ఏమైనా తిన్నావా నాన్నా?’ అంటాడు. ఇంటి అడ్రసు నిజంగా బయటికి రావడానికి ఒక్కోసారి రోజులు పడుతుంది. తొందరపెడితే పిల్లవాడు తర్వాతి బండి ఎక్కేస్తాడు. ఈలోగా రైల్వే పోలీసుల దగ్గర నమోదు జరగాలి, 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి.

పల్లెల్లో ఇదే నంబరు బాల్యవివాహాలను ఆపింది. పెళ్లికూతురి స్నేహితురాలో, బడి టీచరో గుట్టుగా చేసిన ఒక్క ఫోన్‌తో అంగన్‌వాడీ కార్యకర్త, ఎస్సై, తహసీల్దారు పెళ్లింటికి చేరిన సందర్భాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి.

2023లో కేంద్ర బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద 1098 ప్రభుత్వాల చేతికి వెళ్లింది, అత్యవసర నంబరు 112తో అనుసంధానమైంది. ప్రభుత్వం బాధ్యత తీసుకోవడం న్యాయమే. కానీ ఖాకీని చూస్తేనే పరుగెత్తే పిల్లలున్నారు. ప్లాట్‌ఫారాల మీద ఏళ్ల తరబడి తిరిగి నమ్మకం సంపాదించుకున్న కార్యకర్తల్ని ఈ మార్పులో పక్కకు నెడితే, ఫోన్ మోగుతుంది గానీ పిల్లవాడు నోరు విప్పడు. జిల్లా అధికారులు ముందుగా కాపాడుకోవాల్సింది ఆ మనుషుల్నే.

పీసీఓలు పోయాయి. తప్పిపోయిన పిల్లవాడి చేతిలో ఫోన్ ఉండదు, పక్క సీట్లో కూర్చున్న ప్రయాణికుడి జేబులో ఉంటుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఆ ప్రయాణికుణ్ని కూడా వదల్లేదు. తప్పిపోయిన, దిక్కులేని బిడ్డ ఎవరి చేతికి చిక్కినా 24 గంటల్లో చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, సంక్షేమ కమిటీకో తెలియజేయాలి. చెప్పకపోవడం నేరం. ఆరు నెలల వరకు జైలు, పదివేల రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.