తూము తెరిచిన తరువాత

చెరువుకు తూము పెట్టడం ఒక పని. ఏనాడు ఎంత నీరు వదలాలో ఎరిగి ఉండడం వేరొక పని. మా సీమలో చెరువు కింద సేద్యం చేసిన వారికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. నీటికాసుల (గ్లాకోమా) శస్త్రచికిత్స చరిత్ర కూడ సరిగ్గా ఇదే.

ఈ వ్యాధిలో సాధారణంగా కంటిలో ఊరే ద్రవం బయటికి పోయే దారి మందగిస్తుంది. లోపలి ఒత్తిడి పెరిగి దృష్టినాడి క్షీణిస్తుంది. పోయిన చూపు మరలి రాదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మదరాసు రాజధానిలో భాగమై ఉన్న రోజులవి. 1909లో మదరాసు ప్రభుత్వ నేత్రవైద్యశాలలో రాబర్ట్ హెన్రీ ఎలియట్ నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట చిన్న గుండ్రని రంధ్రం చేసి ఆ ద్రవానికి దారి చూపాడు. ఆ పద్ధతి దేశదేశాలకు పాకింది. అయితే ఆ తూముకు తలుపు లేదు. ద్రవం ధారాళంగా జారిపోతే కన్ను మెత్తబడేది. నల్లగుడ్డు వెనుక ఉన్న ఖాళీ కుంచించుకుపోయేది.

1968లో ఇంగ్లండులో కెయిర్న్స్ తెల్లగుడ్డును సగం మందాన చీల్చి, ఆ పొరనే రంధ్రానికి మూతగా కుట్టాడు. ద్రవం కంటిలోని సహజమైన కాలువలోకే పోతుందని ఆయన ఊహ. నిజానికి అది మూత అంచుల నుండి ఊరుతున్నదని తరువాత తేలింది! అంటే మూత బిగువే కీలకం. వదులైతే కన్ను మెత్తబడుతుంది, బిగువైతే ఒత్తిడి తగ్గదు. అందుకే 1980ల నుండి వైద్యులు మొదట కుట్లు గట్టిగా వేసి, తరువాతి రోజుల్లో లేజరుతో ఒక్కొక్కటే తెంపడం, లేదా బయటినుండే లాగివేయగల కుట్లు వేయడం అలవరచుకున్నారు. మచ్చకట్టి దారి మూసుకుపోకుండా వాడే మైటోమైసిన్‌కూ ఇదే నియమం: మోతాదు మించితే ఒత్తిడి మరీ పడిపోతుంది.

కనుక ఈ చికిత్స బల్లమీద ముగియదు, తొలి వారాలలో ముగుస్తుంది. 1991లో పుట్టపర్తిలో ఉచిత వైద్యశాల వెలిసింది. హిందూపురం నుండి బెంగుళూరికి రైలుంది. కాని ధర్మవరం నేతగాడు మగ్గం దిగిన ప్రతి పూటా కూలి పోగొట్టుకుంటాడు. "నొప్పి లేదు కదా" అని అతడు ఇంటనే ఉండిపోతే, విప్పవలసిన కుట్టు విప్పేదెవరు? నొప్పి, ఎరుపు, చూపు మసకబారడం కనిపిస్తే ఆనాడే వెళ్ళాలి. ఏమీ కనిపించకున్నా చెప్పిన రోజుకు వెళ్ళాలి.

తూము తెరిచినవాడికి పేరు వచ్చింది. చూపు నిలిపేది మాత్రం కాపలా కాసేవారే.